పాల కేంద్రం సాఫ్ట్‌వేర్ కేస్ స్టడీ: కోడ్ కంటే ముందు రిజిస్టర్

నరసరావుపేట వైపు మూడు ఊళ్లలో పాలు సేకరించి ఒక పెద్ద డెయిరీకి పోసే తమ్ముడు ఒకతను సాఫ్ట్‌వేర్ చేసే మా దగ్గరికి వచ్చాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్లి మొదలుపెట్టిన వ్యాపారం, అప్పటికి పద్నాలుగు నెలలు అయింది. చేతిలో ఒక ఫైలు, అందులో 42 పేజీలు. గుంటూరులో ఇంటింటికీ పాలు వేసే యాప్, కస్టమర్‌కు వాలెట్, డెలివరీ కుర్రాడికి మ్యాపు, రైతుకు వేరే యాప్, ఓనర్‌కు డ్యాష్‌బోర్డు, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పేజీలు తయారుచేసిచ్చిన కంపెనీ తొమ్మిది లక్షలు చెప్పిందట. "అన్నా, మీరైతే ఎంతకి చేస్తారు?" అన్నాడు ఇంకా కూర్చోకుండానే.

నేను ధర చెప్పలేదు. రోజుకు ఎన్ని కిలోలు వస్తున్నాయి, కిలోకు సగటున ఎంత కడుతున్నావు అని అడిగాను. రెండు పూటలకూ కలిపి 600 కిలోలు, కిలోకు సుమారు 52 రూపాయలు అన్నాడు. అంటే రోజుకు 31,200, పది రోజుల బిల్లుకు 3,12,000. రైతులకు పది రోజులకోసారి కడతాడు, పెద్ద డెయిరీ ఇతనికి పదిహేను రోజులకోసారి ఇస్తుంది. ఆ మధ్య రోజులన్నీ తన డబ్బుతోనో అప్పుతోనో నెట్టుకురావాలి. తొమ్మిది లక్షలంటే దాదాపు మూడు బిల్లుల డబ్బు. కాగితం మీద ఈ లెక్క రాసి చూపించాక అతను కాసేపు ఏం మాట్లాడలేదు. కొత్త వ్యాపారంలో సాఫ్ట్‌వేర్ ఖర్చును మార్కెట్ రేటుతో పోల్చి చూస్తే ఏమీ తెలియదు, మీ చేతిలో తిరిగే డబ్బుతో పోల్చి చూడాలి. పాలు పోసే రైతుకు ఒక్క బిల్లు ఆలస్యమైతే ఆయన మరుసటి పూట ఇంకో కేంద్రానికి వెళ్లిపోతాడు, అప్పుడు ఎంత మంచి యాప్ ఉన్నా అందులో రాసుకోవడానికి పాలు ఉండవు.

ఇంకో విషయం కూడా అప్పుడే చెప్పాను, దీన్ని చాలామంది చివరిదాకా గమనించరు. సాఫ్ట్‌వేర్ సేవ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మామూలు వ్యాపారి అయితే దాన్ని తన అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో సర్దుకుంటాడు. తాజా పాలకు జీఎస్టీ లేదు కాబట్టి ఇతనికి సర్దుకునే దారి లేదు, ఆ 18 శాతం అచ్చంగా జేబులోంచే పోతుంది. తొమ్మిది లక్షల మీద అది 1,62,000.

ముందు రెండు వారాలు చూస్తాం, దానికి 25 వేలు తీసుకుంటాం, పని మాకే ఇస్తే అందులో తగ్గిస్తాం, ఇవ్వకపోతే మేం రాసిన నోట్సు మీరే ఉంచుకోండి అని చెప్పి ఒప్పుకున్నాం. ఉచితంగా చూసిపెడతామని చెప్పే రోజులు మాకూ ఉండేవి. ఉచితంగా చూసినప్పుడు ఎవరూ సరిగ్గా చూడరు, చూపించేవాళ్లూ సరిగ్గా చూపించరు.

కాటా దగ్గర మూడు ఉదయాలు

తెల్లవారుజామున అయిదున్నరకు కేంద్రం తెరుస్తారు. నేనూ మా టీమ్‌లో అమ్మాయి ఒకామె గోడ పక్కన స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. రైతు వస్తాడు, క్యాను కాటా మీద పెడతారు, బరువు చూస్తారు, చిన్న గిన్నెలో శాంపిల్ తీసి మెషిన్‌లో పెడతారు, ఫ్యాట్ అంకె (పాలలో వెన్న శాతం) వస్తుంది, రిజిస్టర్‌లో రాస్తారు, చిన్న చీటీ మీద అదే మళ్లీ రాసి రైతుకు ఇస్తారు. రద్దీ టైములో ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టడం లేదు. కేంద్రం చూసుకునే ఆయన చేతులు పాలతో, నీళ్లతో ఎప్పుడూ తడిగానే ఉన్నాయి. ఇది చూడకపోతే మేం తప్పకుండా టచ్ స్క్రీన్ మీద పెద్ద పెద్ద బటన్లు పెట్టి ఇచ్చేవాళ్లం. తడి వేళ్లతో ఫోన్ స్క్రీన్ పనిచేయదు, ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. ఆఖరికి ఫోన్‌కు వైరుతో తగిలించే చిన్న నంబర్ కీప్యాడ్ ఒకటి కొని, దాని మీద పలచని ప్లాస్టిక్ కవరు వేసి ఇచ్చాం. ఈ మొత్తం ప్రాజెక్టులో అందరికంటే ఎక్కువగా ఆయనకు నచ్చింది ఆ కీప్యాడే.

రెండో రోజు రిజిస్టర్ ఇంటికి తీసుకెళ్లి రాత్రంతా చదివాం. మీరు ఏ వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ చేయించుకున్నా చేసేవాళ్ల చేతిలో ముందు పెట్టాల్సింది ఇదే, మీరు వాడుతున్న రిజిస్టర్. అచ్చువేసిన గళ్లలో రాసింది కాదు, గళ్ల బయట, అంచుల్లో, ఎర్ర ఇంకుతో రాసుకున్నవి చూడాలి. అసలు వ్యాపారం అక్కడ ఉంటుంది. ఈ రిజిస్టర్ అంచుల్లో మాకు కనిపించినవి: కొన్ని పేర్ల పక్కన "దా-2" అని ఉంది, అంటే రెండు దాణా బస్తాలు అప్పుగా తీసుకున్నారని. కొన్నిచోట్ల ఒకరి కోడ్ కొట్టేసి ఇంకొకరి కోడ్ రాసి ఉంది. భర్త పేరు మీద దాణా తీసుకుంటారు, పాలు భార్య పేరు మీద పోస్తారు, కోత ఎవరి బిల్లులో పడాలన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకుని వచ్చి చెబుతారు. ఒక పేజీలో సగం నుంచి రేటు మారిపోయింది, పైన "సాయంత్రం పూట నుంచి కొత్త చార్టు" అని రాసి ఉంది, చార్టు అంటే ఏ ఫ్యాట్‌కు కిలోకు ఎంత అన్న పట్టిక. ఆ 42 పేజీల డాక్యుమెంట్‌లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

గొడవలు ఎందుకు వస్తున్నాయి అని కేంద్రం ఆయన్ని అడిగాను. "బిల్లు రోజు తప్ప మిగతా రోజుల్లో ఏ గొడవా లేదు సార్" అన్నాడు. బిల్లు రోజున రైతు తన చీటీలన్నీ కవర్లో వేసుకుని వస్తాడు, ఒక చీటీలో 6.5 అని ఉంటుంది, రిజిస్టర్‌లో 6.3 అని ఉంటుంది, లేదా కూడిక తప్పు పోతుంది, అక్కడ మొదలవుతుంది. మాకు కావలసింది దొరికింది. మొదటి విడతలో చేయాల్సిన పని ఒక్కటే: పూట పూటకూ పడిన అంకెలు మారకుండా ఉండాలి, పదో రోజు బిల్లు సరిగ్గా రావాలి, రైతు చేతిలో ఉన్న చీటీ, ఆ బిల్లు ఒకే మాట చెప్పాలి. గుంటూరు యాప్, వాలెట్, మ్యాపు అన్నీ పక్కన పెట్టాం. తమ్ముడు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు, రెండు రోజులు వాదించుకున్నాం. తక్కువ పాలు చేతిలో పెట్టుకుని ఎక్కువ ఇళ్లకు మాట ఇస్తే మొదటి నెలలోనే మాట పోతుందన్నది నా వాదన, ఇప్పటికీ అదే అంటాను.

లెక్క ఎక్కడ చీలుతుంది

వెన్న లెక్క బయటివాళ్లకు చెప్పాలంటే ఇలా: ఫ్యాట్ 6.5 అంటే కిలో పాలలో 65 గ్రాముల వెన్న. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుంటే ఆ కిలో పాలకు 52 రూపాయలు. చూడటానికి ఒక గుణకారం, అంతే. కానీ ఈ ఒక్క గుణకారంలోనే మాకు నాలుగు చోట్ల దారి చీలింది.

మొదటిది, కిలోలా లీటర్లా. రెండు ఊళ్లలో కాటా ఉంది, మూడో ఊళ్లో ఇంకా లీటరు కొలతతోనే పోస్తున్నారు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. వెయ్యి కిలోలను వెయ్యి లీటర్లని రాసుకుంటే దాదాపు 29 లీటర్లు లేని పాలకు డబ్బు కట్టినట్టు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాం, కాటా మీద గానీ కొలతలో గానీ మనిషి కంటికి కనిపించిన అంకె ఏదో అదే దాచాలి, దాని పక్కన కిలోనా లీటరా అన్నది దాచాలి, మార్చడం లెక్కలో జరగాలి. మార్చిన అంకెను దాచి అసలు అంకెను పారేసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికినా దాన్ని వెనక్కి వెళ్లి సరిచేయలేరు.

రెండోది ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే పాలలో వెన్న కాకుండా మిగిలే గట్టి పదార్థం. మూడో ఊళ్లో మెషిన్ లేదు, లాక్టోమీటర్ (పాల చిక్కదనం చూసే గాజు గొట్టం) రీడింగ్ నుంచి సూత్రంతో కడతారు. ఆ సూత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. రీడింగ్‌ను 4తో భాగించి, ఫ్యాట్‌ను 0.21తో గుణించి కలిపి, దానికి 0.36 కలిపేవాళ్లున్నారు. ఫ్యాట్‌ను 0.25తో గుణించి, చివర 0.44 కలిపేవాళ్లున్నారు. ఫ్యాట్ 6.0, రీడింగ్ 29 అనుకోండి, మొదటి దారిలో 8.87, రెండో దారిలో 9.19. గేదె పాలకు ఎస్‌ఎన్‌ఎఫ్ 9 కంటే తగ్గితే కోత పెట్టే చార్టు ఇతనిది. పాలు అవే, సూత్రం మారితే రైతుకు కోత పడుతుంది, లేదా పడదు. మేం మామూలుగా దొరికిన సూత్రం ఒకటి కోడ్‌లో పెట్టేసి ఉంటే మూడో ఊరి రైతులందరికీ అన్యాయం జరిగేది, ఎందుకు జరుగుతోందో కూడా ఎవరికీ తెలిసేది కాదు. కొనే డెయిరీ ఏ సూత్రం వాడుతోందో కాగితం మీద రాయించుకుని రమ్మన్నాం, తెచ్చాకే ఆ భాగం మొదలుపెట్టాం.

మూడోది రేటు చార్టు. రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో ఫొటో వస్తుంది, రేపు ఉదయం పూట నుంచి అమలు అని. తేదీ ఒక్కటీ పెట్టుకుంటే సరిపోదు, తేదీతో పాటు పూట కావాలి. పడిన ప్రతి ఎంట్రీలో ఆ రోజు వాడిన రేటు కూడా దాచిపెట్టాం, లేకపోతే చార్టు మార్చిన మరుక్షణం పాత బిల్లులన్నీ మారిపోతాయి.

నాలుగో దాంట్లో తప్పు నాదే, దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మెషిన్ 6.47 అని రెండు దశాంశాలు చూపిస్తుంది, చార్టు 6.4, 6.5 అని ఒక్కో పాయింటు (0.1) చొప్పున ఉంటుంది. నేను మామూలుగా బడిలో నేర్చుకున్నట్టు దగ్గరి అంకెకు సవరించి 6.5 చేయమన్నాను. కొనే డెయిరీ మాత్రం రెండో దశాంశం వదిలేసి 6.4 అంటోంది. పాయింటుకు కిలో మీద 80 పైసలు. సగటున సగం పాయింటు పోయినా కిలోకు 40 పైసలు, 600 కిలోలకు రోజుకు 240, బిల్లుకు 2,400. రెండు బిల్లులు గడిచాక లెక్క తేలక తమ్ముడు ఫోన్ చేస్తే అప్పుడు పట్టుకున్నాం. ఎలా సవరించాలి అన్న ప్రశ్న నేను అడగాల్సింది, అది డబ్బుకు సంబంధించిన నిర్ణయం, ఓనర్ తీసుకోవాల్సింది, నేను తీసుకోకూడదు. ఆ రెండు బిల్లుల తేడా మా ఆఖరి వాయిదాలో తగ్గించుకున్నాం. అతను తీసుకున్న నిర్ణయం నాకు బాగా నచ్చింది. "రైతుకు రెండు దశాంశాలూ ఇచ్చేద్దాం అన్నా, ఆ తేడా నా మార్జిన్‌లో వేసుకుంటా, గోడ మీద రాయిస్తా" అన్నాడు. రాయించాడు కూడా.

ఒప్పందం

పనికి 2,40,000, పైన జీఎస్టీ 43,200. నాలుగు వాయిదాలు, ప్రతి వాయిదా కంటికి కనిపించే పనికి కట్టాం: ఒక ఊళ్లో ఒక పూట మొత్తం ఎంట్రీలు పడితే ఒకటి, ఒక బిల్లు రిజిస్టర్‌తో సరిపోలితే ఇంకొకటి, అలా. "యాభై శాతం డెవలప్‌మెంట్ పూర్తయ్యాక" లాంటి మాటలు ఒప్పందంలో రాయించుకోకండి, యాభై శాతం అయిందా లేదా అన్నది ఎవరూ చూడలేరు.

కోడ్ ఎవరిది అన్న దగ్గర చాలామంది డబ్బు కట్టాం కాబట్టి మాదే అనుకుంటారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతం ఇచ్చే ఉద్యోగి రాసింది అయితే వేరే ఒప్పందం లేనంతవరకు యజమానిది అవుతుంది గానీ, బయటివాళ్లతో రాయించుకున్న కోడ్ రాసిన వాళ్లదే, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప. బదిలీ కాగితంలో ఎంతకాలానికి అని రాయకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశానికే అని చట్టం లెక్క వేసుకుంటుంది. కాబట్టి ఒక్క వాక్యం ఎక్కువైనా శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని రాయించుకోండి. మేమే అడిగి రాసి ఇచ్చాం. డొమైన్, సర్వర్ అకౌంటు, ప్లేస్టోర్ అకౌంటు మూడూ అతని ఈమెయిల్‌తో, అతని కార్డుతో తీయించాం. అంతకుముందు ఒక వెబ్‌సైట్ విషయంలో, చేసినవాళ్లు డొమైన్ తమ పేరు మీద తీసుకుని తర్వాత ఫోన్ ఎత్తకపోవడంతో అతను ఆ పేరే వదులుకోవాల్సి వచ్చింది.

రైతుల ఆధార్ కాపీలు కూడా ఎక్కించాలని మొదట్లో అడిగాడు. ఎందుకు అంటే జవాబు లేదు. వద్దన్నాం. బిల్లు వేయడానికి పేరు, ఫోను, బ్యాంకు ఖాతా చాలు. అవసరం లేని కాగితం దాచుకుంటే దాన్ని కాపాడే బాధ్యత కూడా మీదే అవుతుంది, 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం ఆ బాధ్యతను ఇంకా బరువు చేస్తుంది.

పది వారాలు అనుకుంటే పదహారు

ఆలస్యం కోడ్ వల్ల కాలేదు. రెండు అంగుళాల బ్లూటూత్ ప్రింటర్ తెచ్చాం, చీటీ తెలుగులో రావాలి. మేం కొన్న ప్రింటర్‌లో తెలుగు అక్షరాలు లేవు, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలే తెలుసు. తెలుగు కావాలంటే చీటీ మొత్తం బొమ్మగా చేసి పంపాలి. అలా పంపితే ఒక్కో చీటీకి ఆరేడు సెకన్లు పట్టింది, క్యూ గేటు దాకా పెరిగింది. చివరికి రైతు పేరు ఒక్కటీ ముందే బొమ్మగా చేసి దాచి, అంకెలు మామూలుగా పంపేలా మార్చాం. ఇప్పుడు రెండు సెకన్లు. పేరు ఇంగ్లిష్‌లో వేసేస్తే ఒక రోజులో అయిపోయేది, కానీ చీటీ చదువుకోవాల్సింది రైతు కాబట్టి మూడు వారాలు పోయినా అది తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాం.

ఇంకోటి పూట పూటకూ రైతుకు పంపే ఎస్ఎంఎస్. వ్యాపార సందేశాలు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పంపేవాళ్ల పేరు, సందేశం నమూనా ముందే ఆమోదం పొందాలి. నమూనాలో ఒక్క పదం మారినా సందేశం వెళ్లదు. ఈ పని ప్రాజెక్టు మొదటి రోజే మొదలుపెట్టాలి, మేం ఎనిమిదో వారంలో మొదలుపెట్టాం. తెలుగు సందేశానికి ఇంకో చిక్కుంది, ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే, అందులోనూ గుణింతం గుర్తులు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. మేం మర్యాదగా "నమస్కారం" అని మొదలుపెట్టి రాసింది రెండు ఎస్ఎంఎస్‌ల ఖర్చయింది. 140 మంది రైతులు, రెండు పూటలు. కోసి కోసి ఇలా తెచ్చాం: "12-06 ఉ: 4.850 కి, ఫ్యాట్ 6.47, రూ.251.04". రైతులకు ఇదే బాగుందట.

ఇక నెట్ సంగతి. ఉదయం పూట కరెంటు పోతే ఆ ఊళ్లో టవరు సిగ్నలూ పోతుంది. అన్నీ ఫోన్‌లోనే దాచి, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కు పంపేలా చేశాం. ఒకే ఎంట్రీ రెండుసార్లు పడకుండా రైతు కోడ్, తేదీ, పూట మూడూ కలిపి ఒక్కసారే అని తాళం వేశాం. నాలుగో రోజు ఒక పెద్దావిడ రెండు క్యాన్లు తెచ్చింది, ఒకటి గేదె పాలు, ఇంకోటి ఆవు పాలు. రెండోది ఎంటర్ చేస్తే "ఈ పూట ఎంట్రీ అయిపోయింది" అని వచ్చింది. ఆమె క్యాను పట్టుకుని నిలబడింది, వెనక పదిహేను మంది. కేంద్రం ఆయన రిజిస్టర్ తీసి పెన్నుతో రాసి ఆమెను పంపించాడు. రిజిస్టర్ అక్కడే ఉంది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం పూటకల్లా పాల రకం, క్యాను వరుస సంఖ్య కూడా కలిపి సరిచేశాం.

అందుకే మూడు బిల్లులు, అంటే నెల రోజులు, రిజిస్టర్, సాఫ్ట్‌వేర్ రెండూ నడిపించాం. రెండుసార్లు రాయడం విసుగే, కేంద్రం ఆయనకు ఆ నెలకు అదనంగా డబ్బు ఇప్పించాం, అది ప్రాజెక్టు బడ్జెట్‌లోనే పెట్టాం. మొదటి బిల్లులో 140కి 19 తేడా వచ్చాయి. పదకొండు రిజిస్టర్‌లో కూడిక తప్పులు, అయిదు భార్యాభర్తల కోడ్ల దగ్గర, మూడు మా తప్పులు, ఆవు పాల తాళం వల్ల వచ్చినవే. రెండో బిల్లులో నాలుగు. మూడో దాంట్లో తేడా లేదు. ఆ పదకొండు కూడిక తప్పుల్లో ఏడింట్లో రైతుకే తక్కువ వచ్చింది, తమ్ముడు ఆ ఏడుగురికీ తర్వాతి బిల్లులో కలిపి ఇచ్చాడు. ఇదివరకటి నెలల్లో ఎన్ని పోయి ఉంటాయో అని ఆ రోజు చాలా బాధపడ్డాడు.

నిర్వహణకు ఏడాదికి 40 వేలు అనుకున్నాం. చార్టు తయారుచేసే పద్ధతి మారితే, ఫోన్ కొత్తది వస్తే, ఆండ్రాయిడ్ మారితే చూసుకోవాలి కదా. కట్టిన ఖర్చులో ఏటా 15 నుంచి 20 శాతం దీనికి పక్కన పెట్టుకోండి, కొనేటప్పుడే. మెషిన్ నుంచి ఫ్యాట్ అంకె నేరుగా ఫోన్‌లోకి వచ్చేలా చేయడం వాయిదా వేశాం, మెషిన్ వెనక దానికి పోర్టు ఉంది, చేయొచ్చు, ఖర్చు ఎక్కువ. ప్రస్తుతానికి ఫ్యాట్ 2 కంటే తక్కువ, 12 కంటే ఎక్కువ కొడితే ఫోన్ మళ్లీ అడుగుతుంది, 6.5 బదులు 65 పడే తప్పు దీంతోనే ఆగిపోయింది.

గుంటూరు యాప్ ఇంకా రాయలేదు. అరవై ఇళ్లకు వాట్సాప్ గ్రూపుతోనే పాలు వేస్తున్నాడు. పోయిన నెల ఆఫీసుకు వచ్చాడు, ఈసారి ఫైలు లేదు, లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చాడు. మూడు నెలలుగా రాసుకున్నాడట: ఎవరు "రేపు పాలు వద్దు" అన్నారు, ఎన్నింటికి అన్నారు, చెప్పకుండా ఊరెళ్లినవాళ్లు ఎవరు, తలుపు దగ్గర పెట్టిన ప్యాకెట్లు ఎన్ని పాడయ్యాయి. రాత్రి పది తర్వాత వచ్చిన మెసేజ్‌లకు ఎర్ర ఇంకు వాడాడు. వాటినే ముందు చదవమని మా టీమ్‌లో అమ్మాయికి ఇచ్చాను.